పరుపుల చాచా

“గట్ల పడితే బొక్కలిరుగుతయ్ బిడ్డా.”

భుజం మీది పరుపు దించుతూ అన్నాడు బషీర్.

కళ్యాణి కర్ర ఆపింది. ప్రమీల నేల మీంచి లేచి మోచెయ్యి రుద్దుకుంది.

“నువ్వు పరుపు ఆడ ఎయ్యి చాచా. మా సంగతి మేం చూసుకుంటం,” అంది కళ్యాణి.

మణుగూరులో కాలనీ కమ్యూనిటీ హాలు అది. రోజూ పొద్దున గంటన్నర ఈ ఇద్దరికీ తాళం ఇస్తారు. ఇద్దరిదీ కారేపల్లి దగ్గర ఒకటే తండా, ఇక్కడ ఒకటే గదిలో కిరాయికి ఉంటున్నారు. కళ్యాణికి ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య పిచ్చి. ప్రమీలకు కానిస్టేబుల్ ఉద్యోగం పిచ్చి. మొదటి రాతపరీక్ష గట్టెక్కింది. ఇంకో నెలన్నరలో పరుగెత్తాలి, దూకాలి, ఇనపగుండు విసరాలి. ఆపైన ఇంకో రాతపరీక్ష, అంతే, ఖాకీ బట్టలే.

ఐకిడో మాస్టర్ ఉండేది హైదరాబాద్‌లో. మూడు నెలలకోసారి కొత్తగూడెం వచ్చి రెండు రోజులు క్లాసు చెప్తాడు. మధ్యలో మరిచిపోకుండా తన పాత వీడియోలు పంపాడు. చేతి పట్లు, చెక్క కత్తి వరసలు, కర్రతో ముప్పై ఒక్క కదలికలు. మాస్టర్ మడమ ఎప్పుడు లేస్తుందో కళ్యాణి నిద్రలో అడిగినా చెప్తుంది.

మొదటి క్లాసులో ఆయన పూటంతా పడడమే నేర్పించాడు. ఇంటికొచ్చాక ఇద్దరూ దాన్ని వదిలేశారు. పడడానికి కూడా ప్రాక్టీసేంది అనుకున్నారు మహాతల్లులు. రెండు పరుపులు పరిస్తే చాలనుకుని, దూది పరుపులు కుట్టే బషీర్‌కు చెప్పారు.

“పరుపుతోని కాదు బిడ్డా. అరచెయ్యి కింద పెట్టొద్దు. భుజం మీద దొర్లాలె,” అన్నాడు బషీర్.

“ఇంకా మందం పరుపు అంటగడ్తవా?”

“పరుపే వద్దంటున్న. ఒక్కపారి చూపిస్త.”

కళ్యాణి అతన్ని కిందికీ మీదికీ చూసింది. అరవై దాటిన మనిషి. నడుం ఒకవైపు వంగిపోయింది.

“నువ్వు పడితే దవాఖానాకు ఎవలు మొయ్యాలె?”

ప్రమీల నవ్వింది. బషీర్ కూడా నవ్వాడు.

“చూపిస్తనంటుండు గదనే, చూద్దాం,” అంది ప్రమీల.

“టైమైతుంది, తాళమియ్యాలె. జల్దీ రా,” అని కళ్యాణి ఫోన్ జేబులో పెట్టుకుంది.

రెండు రోజులకు బషీర్ మళ్లీ వచ్చాడు. ఈసారి భుజం మీద పరుపు లేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

“ఏంది చాచా?”

“పనేం లేదు. పది నిమిషాలు...”

“మాకుంది,” అని కళ్యాణి తలుపు గడియ పెట్టింది.

అతను బయట చాలాసేపు ఉన్నాడు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. కళ్యాణి అటు చూడలేదు.

ఆ తర్వాతి శుక్రవారం కర్రతో పడేసే పట్టు మొదలుపెట్టారు. ప్రమీల కర్ర కొస పట్టుకుంది. కళ్యాణి అడుగు ముందుకేసి కర్ర తిప్పింది. వీడియోలో మాస్టర్ ఎట్లా తిప్పాడో అచ్చం అట్లాగే తిప్పింది.

ప్రమీల పరుపు దాటి పడింది. పడుతూ అరచెయ్యి నేలకు ఆనించింది.

ఖమ్మం దవాఖానాలో డాక్టర్ ఎక్స్‌రే పైకెత్తి చూశాడు.

“భుజం బొక్కతో పాటు నరం కూడా దెబ్బతిన్నది. చెయ్యి మళ్లీ పైకి లేస్తదని చెప్పలేను.”

కుడి చెయ్యి. ఇనపగుండు విసరాల్సిన చెయ్యి.

పరుగు పరీక్ష రోజు ప్రమీల గదిలోనే గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టలేదు. ఏడవలేదు. తిట్టినా బాగుండేది, కళ్యాణి ఆ తిట్లు పట్టుకునైనా బతికేది. సాయంత్రం మాత్రం ఒక్క మాట అంది.

“ఆ ముసలాయన చూపిస్తనన్నడు గదనే.”

కళ్యాణి ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి బషీర్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. కాళ్లు పట్టుకుందామనే వెళ్లింది. ఇకముందు ఇంకెవరి చెయ్యీ విరగకుండా పడడం నేర్పమని అడుగుదామనుకుంది.

తలుపు తీసింది అతని కూతురు షబ్రీన్.

“అబ్బాజాన్ లేడక్కా. పోయి నలభై రోజులైంది. గుండెపోటు.”

కళ్యాణి గుమ్మం పట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

“నువ్వు హాల్ల కర్ర తిప్పే అక్కవా?” అంది షబ్రీన్.

“అవ్.”

“పోయేముందు గూడ మీ ముచ్చటే. ఆ పిల్లలకు పడుడు రాదు, మళ్లొకపారి పోవాలె అన్నడు.”

కళ్యాణికి ఏడుపు తన్నుకొచ్చింది. కళ్లు తుడుచుకుంది.

“ఆయనకు గివన్నీ ఎట్ల తెలుసు?”

“ఏమో అక్కా. నేను పుట్టకముందు సంది హైదరాబాద్‌ల ఇరవై ఏండ్లు ఉండె. ఏదో పెద్ద హాల్ల పరుపులు కుట్టనీకి పోయిండు. నడుం పోయినంక ఇంటికొచ్చిండు. ఏం పని చేసినవ్ అని అడిగితే నవ్వేటోడే గాని చెప్పకపోయేది.”

షబ్రీన్ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

“మీ దోస్తు చెయ్యి ఇరిగిందని ఇన్న. ఎట్ల పడ్డది?”

నోటితో చెప్పే బదులు కళ్యాణి ఫోన్ తీసి, ఆ కర్ర పట్టు వీడియో పెట్టి చేతికిచ్చింది.

“ఈయనే మా మాస్టర్. ఈయన తిప్పినట్టే తిప్పిన.”

షబ్రీన్ చూసింది. వేలితో వెనక్కి జరిపి మళ్లీ చూసింది. ఇంకోసారి జరిపి ఆపింది.

“మాస్టర్ ఇటు పక్కన...” అంది కళ్యాణి.

షబ్రీన్ మాస్టర్ వైపు చూడనే లేదు. అతని కర్ర అంచున గాలిలో తేలి, భుజం మీద దొర్లి లేస్తున్న మనిషి మీద, ఇన్నాళ్లలో కళ్యాణి ఒక్కసారైనా మొహం చూడని ఆ మనిషి మీద, వేలు పెట్టి “మా అబ్బాజాన్” అంది.