జడ వేసే పని

వకుళ ఇంట్లో పొద్దున్న పనులు దాదాపు అన్నీ ఆన్‌లైన్ సర్వీసులే చేస్తాయి. ఇడ్లీలు వేసేది ఒకటి, కూతురు పర్ణికను నిద్ర లేపి తయారుచేసేది ఒకటి, బడికి బండి పంపేది మరొకటి. విడివిడిగా చూస్తే అన్నీ భేషైనవే. కానీ అన్నీ వేళకి జరిగాయా అని చూసి కంపెనీ ఇంటికి ఇచ్చే మార్కు మళ్ళీ పడిపోయింది. ఇంకొక్కసారి పడితే బండి పంపడం మానేస్తారట.

"లోపం ఎక్కడేడ్చింది?" అంది వకుళ, గోడకేసి నీరసంగా చూస్తూ.

"జడ వేయడం దగ్గరమ్మా," అంది ఆ సర్వీసులన్నిటినీ నడిపించే గోడలోని గొంతు. "ఆ ఒక్క పనీ మీరు చేస్తున్నారు. ఒకరోజు చప్పున అయిపోతుంది, ఇంకోరోజు పాపతో కబుర్లలో పడి ఎంతకీ తెమలదు. దాని తర్వాతి పనులన్నీ ఆలస్యమవుతున్నాయి. జడ సర్వీసు పెట్టమంటారా?"

వాదించే ఓపిక లేదు వకుళకి. "పెట్టు," అంది.

మర్నాడు బండి వేళకొచ్చింది. మార్కు పెరిగింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, వకుళ కూతురి పక్కన చతికిలబడింది. పిల్ల జడలో ఒక్క వెంట్రుకైనా చెదరలేదు.

"ఏమే, ఇవాళ ఒక్క కబురూ చెప్పలేదు నాకు?"

పర్ణిక బొమ్మకు రంగులేస్తూ తలైనా ఎత్తలేదు.

"పొద్దున్న జడేసేటప్పుడే చెప్పేశాగా అమ్మా."