నిమ్మకాయ నీడ

నీళ్లు వెతుక్కుంటూ ఊళ్లకు ఊళ్లే కదిలిపోతున్న రోజులవి. కారులో సామాను సర్దుకుని సుగుణ, ఆమె భర్త ఎల్లేశం నేరుగా బొటానికల్ గార్డెన్‌కు వచ్చారు. ప్రయాణానికి ముందు చక్రాల కింద తొక్కించడానికి నిమ్మకాయలు ఇంకెక్కడా లేవు. ఇక్కడైనా ఒక్కటే చెట్టు, అదీ అద్దాల గదిలో. కాయ కోయనివ్వరు. అద్దాల బయట నేల మీద పడే కాయ నీడ మీదుగా బండి పోనిస్తారు.

"ఈ ఏడు కాయ కాయలేదమ్మా. ఆకుల నీడే ఉన్నది," అన్నాడు కాపలాదారు.

"అదే చాలు, బిడ్డా."

ఎల్లేశం కారును ఆ నీడ మీదుగా మెల్లగా పోనిచ్చాడు. చక్రం కింద ఏదీ చిట్లలేదు.

"మళ్ల ఎప్పుడొస్తరమ్మా?"

గడప దాటుతూ ఎవరైనా "పోతున్న" అంటే కసిరి, "పోయొస్త" అనిపించేదాకా కదలనివ్వని మనిషి సుగుణ.

"పోతున్నం, బిడ్డా," అంది.