మైనం రాయని కుట్టు

"ఇందులో ఇద్దరు పడతారా? నాలుగు గొడుగులంత బరువు కూడా లేదే!" గుడారాన్ని ఒంటిచేత్తో ఎత్తి చూస్తూ అన్నాడు వెంకట సుబ్బయ్య.

"పడతారండి. గాలివానకి కూడా ఆగుతుంది. మొన్న కర్ర గుచ్చుకుని కుట్టు దగ్గర చిరిగింది," అన్నాడు ఫిన్నీ, ఎండలోనే నిలబడి. "మీ దగ్గరికే తీసుకెళ్ళమంది వెన్నెల. నాన్న కుట్టు ఊడదంది మామయ్యగారూ."

ఆ 'మామయ్యగారూ' వినగానే సుబ్బయ్యకు ఒళ్ళు మండింది. రిజిస్ట్రాఫీసులో కూతురి పెళ్ళయి ఎనిమిది నెలలు. ఆయన వెళ్ళలేదు. ఆ తర్వాత కూతురితో మాటా లేదు. తెనాలి స్టేషను ఎదుట ముప్పై ఏళ్ళుగా గొడుగులు బాగుచేసి ఒక్కగానొక్క పిల్లను ఎమ్మెస్సీ చదివిస్తే, అది సూర్యలంక ఒడ్డున తాబేలు గుడ్లకు కాపలా కాసేవాణ్ణి చేసుకుంది!

"ఎవరా ఇద్దరు?"

"నేనూ, మాతో పనిచేసే రేపల్లె డేనియలూ అండి. గుడ్లు పిల్లలయ్యేదాకా అక్కడే ఉండాలి."

"సాయంత్రం రా," అన్నాడు సుబ్బయ్య, మొహం తిప్పుకుని.

కుట్టు మాత్రం వంక పెట్టడానికి లేకుండా కుట్టాడు. సన్నసూది, జంటకుట్టు. పనిలో దొంగతనం ఆయన చేతికి తెలియదు. కానీ సూది దిగిన ప్రతిచోటా ఒక చిల్లు ఉంటుంది. కుట్టు పొడవునా కొవ్వొత్తి ముక్క గట్టిగా రుద్ది, ఆ చిల్లులన్నీ మైనంతో పూడిస్తేనే నీళ్ళు దిగవు. వెన్నెల చిన్నప్పుడు బడి నుంచి వచ్చి, పక్కన చతికిలబడి చేసిన పని అదే. "మైనం డ్యూటీ నాది నాన్నా, నువ్వు ముట్టుకోకు!" అనేది.

సుబ్బయ్య కొవ్వొత్తి ముక్క చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు దానివంక చూసి, మళ్ళీ పెట్టెలో పడేశాడు. నాననీ వెధవని! రెండు వానలకు బాగా తడిస్తే తాబేళ్ళ మోజు దానంతటదే దిగుతుంది.

సాయంత్రం వచ్చిన ఫిన్నీ కుట్టు చూసి మురిసిపోయాడు. మడిచి సంచిలో పెట్టుకుని, వెళ్ళబోతూ ఆగాడు.

"కొవ్వొత్తి ముక్క ఏదైనా ఉంటే ఇస్తారా మామయ్యగారూ?"

సుబ్బయ్య గతుక్కుమన్నాడు. "ఎందుకు?"

"ఒడ్డున ఏదీ దొరకదండి."

"గుడారం లోపల వెలిగించకు. నైలాను గుడ్డ, భగ్గుమంటుంది."

"అబ్బే, వెలిగించనండి."

హమ్మయ్య అనుకుని, పెట్టెలోని ముక్క తీసిచ్చాడు. పిల్లవాడు రెండు చేతులతో అందుకుని దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. ఆ దణ్ణమే ఆయన్ను తినేసింది. రాత్రి కంచం పక్కకు నెట్టేశాడు. నమ్మి తెచ్చిచ్చిన వస్తువును చెడగొట్టావేంట్రా సుబ్బయ్యా అని తనను తాను తిట్టుకున్నాడు. ఫోను చేసి చెబుదామంటే మొహం చెల్లలేదు.

మూడోనాడు మధ్యాహ్నానికి రేపల్లె వైపు ఆకాశం నల్లగా కమ్ముకుంది. అల్పపీడనమని పొద్దుట్నించీ టీకొట్టు దగ్గర చెప్పుకుంటూనే ఉన్నారు. అప్పుడొచ్చాడు శాలువా కప్పుకున్న ఒకతను, ఊచ విరిగిన గొడుగుతో.

"బాబాయ్, ఇది కాస్త చూడండి. నేను ఫిన్నీ ఫ్రెండునండి, డేనియల్‌ని."

సుబ్బయ్య చేతిలోని పట్కారు ఆగిపోయింది. "నువ్వు సూర్యలంకలో ఉండాలి కదయ్యా, ఇక్కడున్నావేంటి?"

"జ్వరమండి. ఇక్కడి డాక్టరుకి చూపించుకుందామని వచ్చా. నా బదులు వెన్నెలక్క వెళ్ళింది. వద్దన్నా వినలేదండి."

వెన్నెలకు ఉబ్బసం. నాలుగు చినుకులు తలమీద పడితే చాలు, వారంపాటు పిల్లికూతలు. ఊపిరందక అది కళ్ళు తేలేస్తుంటే వీపు నిమురుతూ ఎన్నిసార్లు ఏడ్చాడు తను! ఇప్పుడు ఆ చేతులతోనే చిల్లులు పొడిచి పంపాడు.

పెట్టె మూసి డేనియల్‌కి అప్పజెప్పి, దొరికిన రైలెక్కాడు. బాపట్లలో దిగేసరికి వాన మొదలైంది. స్టేషను బయట ఒక కొవ్వొత్తుల ప్యాకెట్టు కొని ఆటో ఎక్కాడు.

"ఈ వానలో బీచ్‌కేంటి పెద్దాయనా?" అన్నాడు ఆటో అతను.

"నా కూతురుంది నాయనా. తొందరగా పోనీ."

సరుగుడు చెట్ల పక్కన, తాబేలు గుడ్ల కంచెను ఆనుకుని గుడారం గాలికి ఊగుతోంది. సుబ్బయ్య ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తాడు. మోకాళ్ళ మీద కూలబడి కుట్టు మీద కొవ్వొత్తి రుద్దబోయాడు. తడిగుడ్డ మీద అది జారిపోయింది. మళ్ళీ రుద్దాడు. మళ్ళీ జారింది.

జిప్పు తెరుచుకుంది. "మామయ్యగారూ! మీరేంటి ఇక్కడ?" అంటూ ఫిన్నీ ఆయన్ను లోపలికి లాగాడు. ఇద్దరు పట్టే గుడారంలో ముగ్గురూ ముడుచుకుని కూర్చున్నారు.

వెన్నెల మొహం చూడలేక తలవంచుకున్నాడు సుబ్బయ్య.

"పాపిష్టివాణ్ణమ్మా. కుట్టు మీద మైనం రాయలేదు. మర్చిపోయి కాదు, కావాలనే. అల్లుడు తడవాలని... నువ్వుంటావని తెలీదు. తెలీకపోతే మాత్రం, అతనూ ఒకళ్ళ బిడ్డే కదా! నన్ను క్షమించు బాబూ."

ఫిన్నీ తన తువ్వాలు తీసి ఆయన భుజాల మీద కప్పాడు.

పైన వాన దబదబా బాదుతోంది. అప్పుడు తట్టింది సుబ్బయ్యకు, తన ఒంటి మీంచి తప్ప నీటిచుక్క పడటం లేదని. తలెత్తి చూశాడు. కుట్టు పొడవునా మైనం తెల్లగా, నున్నగా మెరుస్తోంది. ఎవరో ఓపిగ్గా, పైనుంచి కిందికి ఒకే వాటంగా రుద్దారు. ఆ వాటం నేర్పింది తనే.

"కంటికి కనపడని చిల్లులు... నా కుట్టు చూసి ఎలా కనిపెట్టావమ్మా?"

వెన్నెల చున్నీతో తండ్రి తల తుడుస్తూ నవ్వింది.

"కొవ్వొత్తి అడిగి తెమ్మంది నేనే నాన్నా. మైనం డ్యూటీ ఎప్పుడూ నాదేగా!"