నవ్విన ముఖాలకే వీసా

ఆ కాలంలో చదువు వీసా కావాలంటే విదేశీ కార్యాలయం వారి కెమెరా కన్ను ఒకటి నలభై రోజులు ఇంటి గోడకు ఉండాలి. చదువయ్యాక పిల్ల తిరిగొస్తుందో రాదో ముఖాలు చూసి, మాటలు విని అదే తేల్చేది. నీటిశుద్ధి చదవాలనుకున్న నీలవేణి ఇంట్లోనూ బిగించారు. "ఊరిని పొగుడుతూ నవ్వుతుండండి, చాలు," అన్నాడు కన్సల్టెన్సీ ఆయన.

ఇక చూడాలి వాళ్ల నాన్న భాస్కరరావు భక్తి! గుంతల రోడ్డును పొగిడాడు, దోమల్ని పొగిడాడు. ముప్ఫై తొమ్మిదో రోజున కుళాయిలోంచి వచ్చిన ఎర్రనీళ్లు గ్లాసులో పట్టి, "అమృతమమ్మా!" అంటూ ఆ కంటికి చూపించి మరీ గుటకేశాడు.

నీలవేణికి ఒళ్లు మండింది. "మురికినీళ్లు నాన్నా అవి! వాటిని బాగుచేయడం నేర్చుకుందామనే కదా నేను వెళ్తానంటోంది!"

మర్నాడే జవాబొచ్చింది: "స్వస్థలంపై అసంతృప్తి ఉంది. తిరిగి రాదు. వీసా నిరాకరించడమైనది."

భాస్కరరావు తల పట్టుకున్నాడు. "ఇంకొక్క రోజు నవ్వి ఉంటే సరిపోయేది కదే! మన వీధిలో నవ్వినవాళ్లందరికీ వచ్చింది."

నీలవేణి గోడమీది కన్ను ఊడబెరికి ఆయన చేతిలో పెట్టింది.

"వచ్చింది, వెళ్లారు. వాళ్లలో ఒక్కరైనా తిరిగొచ్చారా నాన్నా?"