బుట్టల మీద పన్ను

మేడ్చల్ టౌను కమిటీ ఆఫీసు కిటికీ దగ్గర సాలమ్మ పొద్దుటి నుంచి నిలబడే ఉంది. వెనుక ఎలీషమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు. అందరూ రైల్వే స్టేషన్ బయట బుట్టలు పెట్టుకుని జామకాయలు, పల్లీలు, ఉడికిన మక్క కంకులు అమ్ముకునేవాళ్లే.

దుకాణాల లైసెన్సు పన్ను మారుస్తున్నారట. బుట్టల సంగతీ ఈ పూటే తేలుస్తారట. స్టేషన్ గోడ పక్కన తన జాగ ఉంటుందా, ఊడుతుందా? సాలమ్మకు అదే దిగులు. దిగులు ఎంతుంటేనేం, నోరు ఊరుకుంటుందా?

గోడ మీద నిజాం సర్కారు పటం. దాని కింద బల్ల చుట్టూ పెద్దమనుషులు. పేరుకే పెద్దమనుషులు. నూనె గానుగాయన నూనె మీద తగ్గించమంటాడు. బట్టల రాజలింగం బట్టల మీద తగ్గించమంటాడు. ఎవడి దుకాణం వాడికి ముద్దు.

"సూడే ఎలీషమ్మా, ఎంగిలి ఇస్తరాకు కాడ కుక్కలు గూడ గింత కొట్లాడుకోవు," అన్నది సాలమ్మ.

నడిమి కుర్చీలో కమిటీ అధ్యక్షుడు, సదరు సాబు, కునుకుతున్నాడు.

"గాయనకు మనం కనవడాల్నంటే బుట్ట తీస్కపోయి నెత్తిన బోర్లియ్యాలె."

ఇంతలో రాజలింగం లేచాడు. "మా మీద పడుడెందుకు? గా బుట్టలోళ్ల మీద ఎయ్యుండ్రి! రోడ్డు మనది, బేరం వాళ్లదా?"

ఆడవాళ్లు తిట్లు లంకించుకున్నారు. సాలమ్మ కిటికీ చువ్వలు పట్టుకుంది.

"అను, ఇంక గట్టిగ అను. నీ నోట్ల సక్కెర బొయ్య. సదరు సాబు చెవుల వడేటట్టు అను!"

అప్పుడు మాణిక్యం సేటు దయగా దగ్గాడు. స్టేషన్ ముందర మిఠాయి దుకాణం ఆయనదే.

"పాపం, బుట్ట మోసి బతికే ఆడోళ్లు. వాళ్ల మీద పన్నేంది? ఉసురు తగుల్తది మనకు. లైసెన్సు వద్దు, పన్ను వద్దు. మాఫీ జెయ్యుండ్రి."

"థూ!" సాలమ్మ ఉమ్మింది. "మొన్నటి జిలేబీ ఇయ్యాల్టిదని అమ్మెటోడు. వీనికి దయ యాడికెళ్లి పుట్టింది?"

"అక్కా, మన దిక్కే మాట్లాడుతుండు గదనే!"

సదరు సాబు కళ్లు తెరిచాడు. చేతులు లేచాయి. బట్టల మీద తగ్గిస్తామని మాట దొరికిందేమో, రాజలింగం చెయ్యీ లేచింది. బుట్టలకు మాఫీ అయిపోయింది.

"దేవా, స్తోత్రం!" ఎలీషమ్మ ఎగిరి గంతేసింది. సాలమ్మ మెట్టు మీద కూలబడింది.

"ఏందక్కా, పన్ను పాయె, బతికినం. మొకం గట్ల ఏలాడేసినవేంది?"

సాలమ్మ ఆఫీసు తలుపు దిక్కు చూసింది.

మాణిక్యం సేటు నవ్వుకుంటూ బయటికి వచ్చాడు. ఆడవాళ్లకు ఒంగి మరీ దండం పెట్టాడు. తర్వాత కమిటీ జవాను వైపు తిరిగి అన్నాడు:

"లైసెన్సు లేనోళ్లకు బజార్ల జాగ లేదు, గీ బుట్టలన్నీ లేపియ్యి."