గండుకప్ప బుడగయ్య ఆఖరి రికార్డు

ఇది అబద్ధమనే మొనగాడెవరో ముందు లేచి నిలబడాలి! మనుషులకు కప్ప ఈత నేర్పిందే గండుకప్ప బుడగయ్య. వాడు నీళ్లలో దూకితే చేపలు ఒడ్డెక్కి దారిచ్చేవి. మొదటి ఏడాది నూరు బారల్లో చెరువు ఆవలిగట్టు తాకాడు. మరుసటేడు అరవై, ఆపైన ఇరవై. తన రికార్డులు తనే బద్దలుకొట్టుకుంటూ పోయాడు.

“నీ ఈత పెరగలేదయ్యా, చెరువు తరిగిపోతోంది. పిల్లల్ని తీసుకుని కాలువకు పోదాం రా,” అని పెళ్లాం పోలమ్మ ఏడ్చింది.

“నా పేరు చూసి ఓర్వలేకపోతున్నావే!” అని కసిరాడు.

ఆమె పిల్లలతో వెళ్లిపోయింది. తక్కిన కప్పలూ వెళ్లిపోయాయి.

ఆ వేసవిలో బుడగయ్య ఒక్క బారలో గట్టు తాకి, చప్పట్ల కోసం తలెత్తాడు. చుట్టూ ఎవరూ లేరు. “పోలమ్మా, చూశావా?” అని మూడు రోజులు పిలిచాడు. నాలుగో రోజు పిలుపు ఆగిపోయింది.

నమ్మకపోతే, వాణ్ణి బురదలో పూడ్చిపెట్టిన ఎండ్రకాయను అడగండి. పేరు సన్నెయ్య.