వందలోంచి ఏడు

“మంచాన పడితే చూసుకునే బీమా అట. లెక్కలు రానివాళ్లు కడతారు ఇలాంటివి. పదేళ్లుగా చెప్తున్నా, దీని బుర్రకెక్కితేగా. పోరు పడలేక ఒప్పుకున్నా,” అన్నాడు వెర్నన్, భార్య ఆర్లీన్‌ని చూపిస్తూ.

బీమా కంపెనీ డెమాయిన్ నగరం నుంచి పంపిన నర్సు నవ్వలేదు. “బీమా ఇచ్చే ముందు మతిమరుపు పరీక్ష సర్. వందలోంచి ఏడేసి తీసేస్తూ వెళ్లండి.”

“నలభై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినవాణ్ణి. నన్నా అడగడం?” వెటకారంగా మొదలెట్టాడు. “తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్బై తొమ్మిది.”

ఆగాడు.

“ఎంత తీసెయ్యమన్నావు? సరిగ్గా చెప్పడం కూడా చేతకాదు,” అని నర్సు మీద విసుక్కున్నాడు.

నర్సు పెన్ను మూసేసింది. ఇక బీమా ఇవ్వరని ఆర్లీన్‌కి అర్థమైంది. ఆయన లెక్క ఒక్కసారైనా తప్పితే చూడాలని పదేళ్లుగా ఎదురుచూసిన మనిషి ఆమె.

“ఏడు, వెర్నన్,” అంది మెల్లగా.